ఉదయాన్నే రన్నింగ్ చేస్తుంటే కడుపులో తిప్పుతోందా..? పరగడుపున వెళ్తున్నారా..? ముందు ఇది తెలుసుకోండి

తెల్లవారుజామున 5 గంటలు. గ్రౌండ్‌లో రెండు రౌండ్లు బాగానే అయ్యాయి. మూడో రౌండ్‌కి వచ్చేసరికి కడుపులో తిప్పడం మొదలు. నోట్లో నీళ్లూరడం, కళ్లు బైర్లు కమ్మడం.. చివరికి ట్రాక్ పక్కన కూర్చుని ఓకరింపులు. పోలీస్ ఉద్యోగాల ఈవెంట్స్ కోసం ప్రాక్టీస్ చేసేవాళ్లకు ఇది బాగా తెలిసిన సీనే. జిమ్‌లో కొత్తగా చేరినవాళ్లకు, బరువు తగ్గాలని పొద్దున్నే పరుగు మొదలుపెట్టినవాళ్లకు కూడా ఇదే ఇబ్బంది.

"మనకు స్టామినా లేదు, ఇది మన వల్ల కాదు" అని చాలామంది ఇక్కడే ఆగిపోతారు. కానీ అన్నిసార్లూ సమస్య స్టామినాది కాదు. రాత్రి ఎప్పుడు తిన్నారు, పొద్దున ఏం తిన్నారు, ఎంత స్పీడ్‌గా మొదలుపెట్టారు అన్నదే అసలు విషయం.

పరగడుపున పరిగెడితే ఏం జరుగుతుంది?

రాత్రి 8 గంటలకు భోంచేసి పొద్దున 5 గంటలకు గ్రౌండ్‌కి వెళ్తే మధ్యలో 9 గంటల ఉపవాసం ఉన్నట్టే. మనం నిద్రపోతున్నా మెదడు పని ఆగదు. దానికి కావాల్సిన గ్లూకోజ్‌ను లివర్ తన నిల్వల నుంచి రాత్రంతా అందిస్తూనే ఉంటుంది. తెల్లారేసరికి ఆ నిల్వలు బాగా తగ్గుతాయి. కండరాల్లో ఉండే నిల్వ మాత్రం పెద్దగా తగ్గదు. అందుకే కాళ్లలో ఓపిక ఉన్నట్టే అనిపిస్తుంది. కానీ రక్తంలో షుగర్ పడిపోతే తల తిరగడం, చెమటలు, చేతులు వణకడం, వికారం వస్తాయి.

రెండో కారణం రక్త ప్రసరణ. గట్టిగా పరిగెత్తేటప్పుడు శరీరం రక్తాన్ని కాళ్ల కండరాలకు, చర్మానికి మళ్లిస్తుంది. ఆ మేరకు కడుపు, పేగులకు రక్తం బాగా తగ్గిపోతుంది. స్పీడ్ పెరిగేకొద్దీ వికారం పెరగడానికి ఇదే ప్రధాన కారణం. దీనికి తోడు ఖాళీ కడుపులో ఉన్న యాసిడ్ పరుగు కుదుపులకు పైకి తన్నుతుంది. అసిడిటీ ఉన్నవాళ్లకు ఈ ఇబ్బంది ఎక్కువ. రాత్రంతా నీళ్లు తాగకపోవడం కూడా దీనికి కలిసొస్తుంది.

అలాగని కడుపు నిండా తిని వెళ్తే?

అదీ తప్పే. తిన్నది అరగాలంటే కడుపుకి రక్తం కావాలి. పరుగెత్తాలంటే కాళ్లకు రక్తం కావాలి. రెండూ ఒకేసారి కుదరవు. దీంతో తిన్నది కడుపులోనే ఉండిపోయి వాంతి రూపంలో బయటకు వస్తుంది. కాబట్టి తినాలా, వద్దా అన్నదొక్కటే కాదు.. ఎంత తినాలి, ఎంతసేపటి ముందు తినాలి అన్నది ముఖ్యం.

ఎంతసేపటి ముందు.. ఏం తినాలి?

15 నుంచి 30 నిమిషాల టైమే ఉంటే: సగం లేదా ఒక చిన్న అరటిపండు. లేదంటే 2, 3 ఖర్జూరాలు. చిన్న బెల్లం ముక్క, రెండు మూడు మారీ బిస్కెట్లు కూడా సరిపోతాయి. తేలిగ్గా అరిగే పిండి పదార్థం 15 నుంచి 30 గ్రాములు అందితే చాలు. మీడియం సైజు అరటిపండులో దాదాపు 27 గ్రాములు ఉంటుంది.

గంట టైమ్ ఉంటే: ఒకటి లేదా రెండు ఇడ్లీలు, పల్చటి రాగి జావ ఒక గ్లాసు, తేనె రాసిన బ్రెడ్ ముక్క.. వీటిలో ఏదో ఒకటి. ఇడ్లీలోకి పల్లీ చట్నీ, నెయ్యి కారప్పొడి ఆ పూటకి పక్కన పెట్టండి.

2 నుంచి 3 గంటల టైమ్ ఉంటే: మామూలు టిఫిన్ చేయొచ్చు. కానీ 5 గంటలకు గ్రౌండ్‌లో ఉండాల్సినవాళ్లు దీనికోసం 2 గంటలకు లేవాల్సిన పనిలేదు. నిద్ర పాడు చేసుకోవడం కంటే రాత్రి భోజనం 8 గంటల లోపు తేలిగ్గా ముగించి, పొద్దున అరటిపండు తినడం మేలు.

పొద్దున్నే ఏదీ నోటికి వెళ్లదనే వాళ్లూ ఉంటారు. అలాంటివాళ్లు రెండు ముక్కల అరటిపండుతో మొదలుపెట్టి, వారం వారం కొంచెం పెంచుకుంటూ వెళ్తే కడుపు అలవాటు పడుతుంది.

వీటి జోలికి వెళ్లొద్దు

పూరీ, వడ, ఆమ్లెట్ లాంటి నూనె, కొవ్వు ఎక్కువ ఉండే ఐటెమ్స్ కడుపులో చాలాసేపు ఉంటాయి. నానబెట్టిన బాదం, పల్లీలు, మొలకలు మంచివే.. కానీ పరుగు తర్వాత. పాలలో పచ్చి గుడ్డు కొట్టుకుని తాగి పరుగుకు వెళ్లడం కొందరికి అలవాటు. పచ్చి గుడ్డుతో ఇన్‌ఫెక్షన్ వచ్చే ప్రమాదం ఉంది. పాలు పడనివాళ్లకు కడుపు ఉబ్బరం అదనం. పరగడుపున స్ట్రాంగ్ బ్లాక్ కాఫీ కూడా కొందరికి వికారం తెప్పిస్తుంది. రాత్రి 11 గంటలకు బిర్యానీ తిని పొద్దున ఏ అరటిపండు తిన్నా లాభం ఉండదు.

నీళ్ల సంగతేంటి?

లేవగానే ఒక గ్లాసు నీళ్లు కొద్దికొద్దిగా తాగండి. లీటర్ బాటిల్ ఎత్తి గటగటా తాగేసి పరిగెడితే కడుపులో నీళ్లు కదులుతూ అవే వికారం తెస్తాయి. ఎండాకాలంలో చెమట బాగా పడితే ప్రాక్టీస్ తర్వాత ఓఆర్ఎస్ లేదా ఉప్పు వేసిన మజ్జిగ తీసుకోవచ్చు.

ఖాళీ కడుపుతో చేస్తేనే కొవ్వు కరుగుతుందా?

చాలామంది తినకుండా వెళ్లడానికి కారణం ఈ నమ్మకమే. పరగడుపున వ్యాయామం చేస్తే ఆ కాసేపు కొవ్వు కొంచెం ఎక్కువ ఖర్చవుతుందన్నది నిజమే. కానీ బరువు విషయానికొస్తే లెక్క వేరు. అమెరికాలో 20 మంది యువతులపై 4 వారాలు జరిపిన అధ్యయనం 2014లో ప్రచురితమైంది. డైట్ ఒకేలా ఉన్నప్పుడు తిని చేసినవాళ్లకు, తినకుండా చేసినవాళ్లకు మధ్య చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. కాబట్టి అరటిపండు తింటే కష్టమంతా వృథా అవుతుందన్న భయం అక్కర్లేదు.

ఇక పార్కులో అరగంట మామూలుగా నడిచేవాళ్లు, ఏ ఇబ్బందీ లేకపోతే తినకుండా వెళ్లినా ఫర్వాలేదు.

షుగర్ ఉన్నవాళ్లు జాగ్రత్త

ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి మాత్రలు వాడేవాళ్లు పరగడుపున గట్టిగా వ్యాయామం చేస్తే షుగర్ ప్రమాదకరంగా పడిపోవచ్చు. బయల్దేరే ముందు ఒకసారి చెక్ చేసుకోండి. 90 కంటే తక్కువ ఉంటే ఏదైనా తినాకే మొదలుపెట్టాలి. 70 కంటే తగ్గితే ఆరోజు వాకింగ్ సంగతి పక్కనపెట్టి వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలుపుకుని తాగాలి. 15 నిమిషాల తర్వాత మళ్లీ చెక్ చేయాలి. జేబులో నాలుగు చాక్లెట్లు ఉంచుకోవడం మర్చిపోవద్దు.

ఈవెంట్స్ రోజు ఏం చేయాలి?

1600 మీటర్లు అంటే 400 మీటర్ల ట్రాక్‌పై 4 రౌండ్లు. మొదటి రౌండ్‌లోనే ఓపికంతా పెట్టేస్తే ఏం తిన్నా వికారం తప్పదు. 10 నిమిషాలు వార్మప్ చేసి, మొదటి రౌండ్ అదుపులో పరిగెత్తండి. పూర్తయ్యాక ఒక్కసారిగా ఆగి కూలబడొద్దు. ఆగిన వెంటనే రక్తం కాళ్లలోనే నిలిచిపోయి తల తిరుగుతుంది. రెండు మూడు నిమిషాలు నెమ్మదిగా నడవాలి.

లైన్లు, ధ్రువపత్రాల పరిశీలన దాటుకుని మీ వంతు వచ్చేసరికి గంటలు పట్టొచ్చు. అందుకే బ్యాగులో రెండు అరటిపండ్లు, నీళ్ల బాటిల్ పెట్టుకోండి. అన్నిటికంటే ముఖ్యం.. ఆరోజు కొత్తగా ఏదీ ట్రై చేయొద్దు. ఎవరో ఇచ్చిన ఎనర్జీ డ్రింక్ అసలే వద్దు. కనీసం రెండు మూడు వారాలు ప్రాక్టీస్‌లో ఏది తింటే మీకు పడిందో అదే తినండి.

ఇలా ఉంటే గ్యాస్ అనుకోవద్దు

వికారంతో పాటు ఛాతీలో బరువు, దవడకో ఎడమ చేతికో పాకే నొప్పి, చల్లటి చెమటలు, ఊపిరి ఆడకపోవడం ఉంటే వెంటనే వ్యాయామం ఆపేసి 108కి కాల్ చేయండి. సోడా తాగితే తగ్గుతుందని ఎదురుచూడొద్దు. అది గుండెపోటు కావచ్చు. ఇవేమీ లేకపోయినా, తిండి, నీళ్లు, స్పీడ్ అన్నీ సరిచేసుకున్న తర్వాత కూడా రెండు మూడు వారాలకు మించి వికారం వస్తుంటే డాక్టర్‌ని కలవాల్సిందే.

ఇలాంటివేవీ లేనివాళ్లు రేపు పొద్దున బూట్లు వేసుకునే ముందు సగం అరటిపండు తిని చూడండి. మూడో రౌండ్‌లో తేడా మీకే తెలుస్తుంది.

గమనిక: ఇది కేవలం అవగాహన కోసం అందించిన సమాచారం మాత్రమే. ఆరోగ్య సమస్యలు ఉన్నవాళ్లు, గర్భిణులు డాక్టర్ సలహా తీసుకున్న తర్వాతే పాటించాలి.