వ్యాపార సంస్థాపకుల చరిత్రములను చదువు విధము

గగన్‌పహాడు పరిసరములందు కర్మాగారములు పెక్కులు గలవు. 2008వ సంవత్సరమున శంషాబాదులో తెరువబడిన విమానాశ్రయమును సమీపముననే యున్నది. ఇట్టి చోట పెరుగు బాలబాలికలకు, తామును ఒక వ్యాపారము నెలకొల్పవలయునను కోరిక పుట్టుట సహజము. కూడబెట్టిన సొమ్ము పోవునేమో యని తలిదండ్రులు భయపడుటయు సహజమే. ఈ కోరికకును ఈ భయమునకును నడుమ మంచి దారి చూపగలవి సంస్థాపకుల జీవితచరిత్రములు. అయితే వానిని ప్రశ్నించుచు చదువవలయును.

దృష్టాంతముగా కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారి చరిత్రమును గైకొందము. వీరు 1867లో కృష్ణా మండలమందలి ఎలకుర్రు గ్రామమున జన్మించిరి. చెన్నపట్టణమున మిషనువారి క్రైస్తవ కళాశాలలో చదివి పట్టభద్రులైరి. 1893లో బొంబాయిలో అమృతాంజనమును ప్రారంభించిరి. ఇంతమాత్రము చదివినవాడు 'అదృష్టవంతుడు' అని పుస్తకము మూసివేయును.

మొదటి ప్రశ్న: అంతకు పూర్వము వారేమి చేసిరి? కలకత్తాలోను బొంబాయిలోను ఇతరుల సంస్థలలో కొలువు చేసి, ఔషధవ్యాపారపు మెలకువలు నేర్చుకొనిరి. పరుల యంగడిలో పని నేర్చిన పిమ్మటనే స్వంత అంగడి పెట్టిరి.

రెండవ ప్రశ్న: క్రొత్త సరకును జనులెట్లు ఎరిగిరి? సంగీతసభలలో అమృతాంజనమును ఉచితముగా పంచిపెట్టిరి. తలనొప్పి తగ్గినవాడు మరల కొనకుండునా? సరకు మంచిదైననే ఈ ఉపాయము ఫలించును. చెడ్డదైనచో, ఎందరికి పంచిన అందరికిని దాని చెడుగు తెలియును.

మూడవ ప్రశ్న: వచ్చిన లాభమేమయ్యెను? పంతులుగారు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా స్థాపించి, 1914లో చెన్నపట్టణమున దానిని దినపత్రికగా నడపిరి. 1924లో భారతి మాసపత్రికను, 1926లో ఆంధ్రగ్రంథమాలను నెలకొల్పిరి. తలనొప్పి మందు తెచ్చిన ధనము తెలుగువారి చదువునకు వినియోగపడెను. వారు 1938లో దివంగతులైరి. అమృతాంజనము నేటికిని అమ్ముడగుచున్నది.

ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. చరిత్రములు తరచుగా గెలిచినవారిని గూర్చియే వ్రాయబడును. అంతే శ్రమపడి నష్టపోయినవారి పేర్లు పుస్తకముల కెక్కుట అరుదు. కావున పంతులుగారు చేసినదెల్ల చేసినచో మనకును అట్లే జరుగునని తలపరాదు. పుస్తకముతోపాటు, మన వీధిలో మూతపడిన అంగడి యజమానిని గూడ వినయముతో అడిగి తెలిసికొనవలయును. అరువులు వసూలు కాలేదో, లెక్కలు సరిగా వ్రాయలేదో, అద్దె భారమయ్యెనో ఆయన చెప్పును. పుస్తకము చెప్పని సగము ఆయన యొద్ద దొరకును.

విద్యార్థులారా! ఈ మూడు ప్రశ్నలను కాగితముపై వ్రాసికొని, ఒక సంస్థాపకుని చరిత్రమును తలిదండ్రులతో కలిసి చదువుడు. మీ కోరికకు ఓర్పును, వారి భయమునకు ధైర్యమును అలవడునని మేము నమ్ముచున్నాము.