అనిశ్చితికీ ఓ లెక్కుంది

* ఇంజినీరింగ్ విద్యార్థులను జంకించే ‘పీటీఎస్‌పీ’
* గేట్, ఎంటెక్‌లకు అదే పునాది
* రామగుండం సౌర పలకలకూ, కడెం వరదకూ ఒకటే గణితం

కరీంనగర్, ఆదిలాబాద్: రామగుండం ఎన్టీపీసీ జలాశయంపై తేలియాడే సౌర పలకల మీదుగా ఓ మేఘం సాగితే విద్యుదుత్పత్తి పడిపోతుంది. మేఘం తొలగగానే మళ్లీ పుంజుకుంటుంది. రేపు మధ్యాహ్నం పన్నెండు గంటలకు ఎంత విద్యుత్తు వస్తుందని అడిగితే ఏ ఇంజినీరూ కచ్చితమైన అంకె చెప్పలేరు. అలాగని తెలియదని చేతులెత్తేసినా కుదరదు. గ్రిడ్ నడవాలంటే ఎంత వరకు రావచ్చో, ఎంతకు పడిపోవచ్చో ముందే అంచనా ఉండాలి. కచ్చితంగా చెప్పలేని దానిని సైతం లెక్కలోకి తెచ్చే శాస్త్రమే సంభావ్యత, యాదృచ్ఛిక ప్రక్రియలు. ఇంజినీరింగ్ విద్యార్థుల నోట ఇది ‘పీటీఎస్‌పీ’.

జేఎన్‌టీయూ హైదరాబాద్ పరిధిలో ఎలక్ట్రానిక్స్ అండ్ కమ్యూనికేషన్స్ విద్యార్థులు ‘ప్రాబబిలిటీ థియరీ అండ్ స్టొకాస్టిక్ ప్రాసెసెస్’ పేరిట దీనిని రెండో సంవత్సరంలో చదువుతారు. కొడిమ్యాల మండలం నాచుపల్లిలో 2007లో, మంథని పేరిట సెంటినరీ కాలనీలో 2010లో ఏర్పాటైన విశ్వవిద్యాలయ కళాశాలల్లోనూ ఎలక్ట్రానిక్స్ విభాగాలున్నాయి. 2008లో ప్రారంభమైన బాసర ఆర్జీయూకేటీలో పల్లె బడుల నుంచి వచ్చినవారు ఎందరో ఇంజినీరింగ్ చదువుతున్నారు. తెలుగు మాధ్యమం నుంచి వచ్చిన విద్యార్థికి ఈ సబ్జెక్టులో ఆంగ్లం ఒక అడ్డంకి అయితే, ఆలోచనా విధానం మారడం అంతకంటే పెద్ద అడ్డంకి.

ఇంటర్‌కు, ఇంజినీరింగ్‌కు తేడా ఎక్కడ?

ఇంటర్ ద్వితీయ సంవత్సర గణితంలో సంభావ్యత, యాదృచ్ఛిక చలరాశులు, ద్విపద, పాయిజాన్ విభాజనాలు ఉన్నాయి. నాణెం, పాచిక, పేకముక్కల లెక్కలతో మార్కులు తెచ్చుకున్న విద్యార్థి ఇదీ అంతేననుకుంటాడు. కానీ ఇంజినీరింగ్‌లో ప్రశ్న మారిపోతుంది. పాచిక ఒకసారి పడితే ఒక అంకె వస్తుంది. సంకేతం మాత్రం ప్రతి క్షణం మారుతూనే ఉంటుంది.

రామగుండం ఉదాహరణనే తీసుకుందాం. 2022 జులై 1 నుంచి పూర్తిస్థాయిలో పనిచేస్తున్న ఆ తేలియాడే కేంద్రం సామర్థ్యం 100 మెగావాట్లు. రేపు మధ్యాహ్నం పన్నెండింటికి వచ్చే ఉత్పత్తి ఒక యాదృచ్ఛిక చలరాశి. ఉదయం నుంచి సాయంత్రం వరకు ఉత్పత్తిని గీతగా గీస్తే ఏ రోజు గీత ఆ రోజుదే. అలా వచ్చే వీలున్న గీతలన్నింటి సమూహమే యాదృచ్ఛిక ప్రక్రియ. ఈ ఒక్క మెట్టు ఎక్కితే సగం భయం పోయినట్లే.

విద్యార్థులు తరచూ తడబడే చోటు మరొకటి ఉంది. నూరు రోజుల పాటు పన్నెండు గంటలకు నమోదైన ఉత్పత్తి సగటు వేరు. ఒకే రోజు ఉదయం నుంచి సాయంత్రం వరకు తీసిన సగటు వేరు. ఈ రెండూ ఒకటే అయ్యే ప్రక్రియలను ‘ఎర్గోడిక్’ అంటారు. సగటు, హెచ్చుతగ్గుల తీరు వేళను బట్టి మారకుంటే ‘స్టేషనరీ’ అంటారు. సౌర విద్యుత్తుకు ఉదయం ఒక తీరు, మధ్యాహ్నం మరో తీరు కాబట్టి అది స్టేషనరీ కాదు.

ఇప్పుడు మబ్బు పట్టి ఉంటే మరో నిమిషానికీ మబ్బు ఉండే అవకాశం ఎక్కువ. అయిదు గంటల తర్వాతి సంగతి మాత్రం ఇప్పటి మబ్బును చూసి చెప్పడం కష్టం. ఒక క్షణానికీ మరో క్షణానికీ ఉన్న ఈ బంధాన్ని కొలిచేదే స్వీయ సహసంబంధం, అదే ‘ఆటోకోరిలేషన్’. స్టేషనరీ ప్రక్రియలో దానిని ఫోరియర్ పరివర్తనం చేస్తే ఏ పౌనఃపున్యం వద్ద ఎంత శక్తి ఉందో తెలుస్తుంది. దీనినే ‘పవర్ స్పెక్ట్రల్ డెన్సిటీ’ అంటారు. పేరు పెద్దదైనా దాని వెనుక ఉన్నది ఈ మబ్బు లెక్కే.

చరవాణిలో వినిపించే రొదకూ మూలం ఉంది. ఏ నిరోధకంలోనైనా వేడి వల్ల ఎలక్ట్రాన్లు అస్తవ్యస్తంగా కదులుతుంటాయి. ఆ అలజడిని అమెరికాలోని బెల్ ప్రయోగశాలల్లో జాన్సన్ కొలవగా, నైక్విస్ట్ దానికి సూత్రం చెప్పారు. ఇద్దరి పత్రాలూ 1928లో వెలువడ్డాయి. ఈ రొదను పూర్తిగా తొలగించడం అసాధ్యం. రొద ఉన్నా సందేశం చేరేలా చూడటమే కమ్యూనికేషన్ ఇంజినీరు పని.

వెయ్యి బిట్లు... వందేళ్ల వరద

ఒక సందేశంలో వెయ్యి బిట్లు ఉన్నాయనుకుందాం. ఒక్కో బిట్ తప్పుగా చేరే అవకాశం వెయ్యింట ఒకటి. సగటున ఒక తప్పు వస్తుంది కాబట్టి సందేశం తప్పకుండా చెడుతుందని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. ఒక్క బిట్ సరిగా చేరే సంభావ్యత 0.999. దానిని వెయ్యిసార్లు గుణిస్తే సుమారు 0.368 వస్తుంది. అంటే ఒక్క తప్పూ లేకుండా సందేశం చేరే అవకాశం దాదాపు 37 శాతం. కనీసం ఒక తప్పు దొర్లే అవకాశం 63 శాతం.

ఇదే లెక్క వరదకూ వర్తిస్తుంది. ‘వందేళ్లకోసారి వచ్చే వరద’ అనగానే ఒకసారి వచ్చాక మరో వందేళ్లు నిశ్చింత అనుకోవడం పొరపాటు. ఏ ఏడాదైనా ఆ స్థాయి వరద వచ్చే అవకాశం నూటికి ఒకటని మాత్రమే దాని అర్థం. ముప్పై ఏళ్లలో అది కనీసం ఒక్కసారి వచ్చే అవకాశం సుమారు 26 శాతం. వందేళ్లలో 63 శాతం.

కడెం ప్రాజెక్టు చరిత్ర ఈ ప్రాంతవాసులకు తెలిసిందే. 1958లో వరద పోటెత్తి ఆనకట్టకు గండి పడింది. 2022 జులైలో ప్రవాహం 5 లక్షల క్యూసెక్కులు దాటింది. గేట్ల ద్వారా వదలగలిగింది సుమారు 3 లక్షల క్యూసెక్కులే. ఉన్న 18 గేట్లలో ఒకటి తెరుచుకోలేదు. దిగువ గ్రామాల ప్రజలు ఇళ్లు విడిచి వెళ్లాల్సి వచ్చింది. సంభావ్యత పరీక్షలో మార్కులకే పరిమితమైన విషయం కాదనడానికి ఇంతకంటే దగ్గరి నిదర్శనం అక్కర్లేదు.

అయితే పై రెండు లెక్కల్లోనూ ఒక షరతు దాగి ఉంది. ఒక బిట్‌కు మరో బిట్‌తో, ఒక ఏడాదికి మరో ఏడాదితో సంబంధం లేదనుకున్నాం. పిడుగు పడితే వరుసగా అనేక బిట్లు ఒకేసారి చెడతాయి. అప్పుడు గుణకారం పనిచేయదు. సూత్రం వాడేముందు ఈ ‘స్వతంత్రత’ ఉందో లేదో చూడటమే అసలు చదువు.

ఎంటెక్‌లో తెలుగువాడి సూత్రం

గేట్ ఎలక్ట్రానిక్స్ పేపరులో సంభావ్యత రెండుచోట్ల ఎదురవుతుంది. గణిత విభాగంలో ఒకసారి, కమ్యూనికేషన్స్‌లో యాదృచ్ఛిక ప్రక్రియల రూపంలో మరోసారి. ఎలక్ట్రికల్ పేపరు గణితంలోనూ ఇది ఉంది. బీటెక్‌లో దాటవేసిన అధ్యాయం ఎంటెక్‌లో ‘డిటెక్షన్ అండ్ ఎస్టిమేషన్’ పేరుతో తిరిగి వస్తుంది.

రొద కలిసిన సంకేతం నుంచి రాడార్ ఒక విమానం దూరాన్ని అంచనా వేస్తుంది. ఆ అంచనా ఎంత మెరుగ్గా ఉండగలదన్న దానికి ఒక హద్దు ఉంది. ఆ హద్దు పేరు క్రామర్-రావు అవధి. అందులోని రావు తెలుగువాడైన కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివిన ఆయన 1945లో ఈ ఫలితాన్ని ప్రచురించారు. 2023లో అంతర్జాతీయ గణాంకశాస్త్ర పురస్కారం అందుకుని, అదే ఏడాది ఆగస్టులో 102 ఏళ్ల వయసులో కన్నుమూశారు. ప్రపంచంలో ఎక్కడ సిగ్నల్ ప్రాసెసింగ్ బోధించినా ఆయన పేరు పలకాల్సిందే.

చదవడం ఇలా...

* ముందుగా ఇంటర్ పుస్తకంలోని షరతుతో కూడిన సంభావ్యత, బేయీ సిద్ధాంతం, పాయిజాన్ విభాజనం మరోసారి తిరగేయాలి. తెలుగులో అర్థమైతే ఆంగ్ల పాఠం తేలికవుతుంది.
* సమాకలనంలో పట్టు లేకుంటే ఇక్కడ అడుగు ముందుకు పడదు. సంభావ్యత అనుకుని భయపడేది చాలాసార్లు సమాకలనానికే.
* జేఎన్‌టీయూ విద్యార్థులు పీబుల్స్ పుస్తకంతో మొదలుపెట్టవచ్చు. పాపులిస్ రాసిన గ్రంథం ఎంటెక్ స్థాయికి తగినది.
* ఎన్‌పీటెల్‌లో ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఉచితంగా లభిస్తాయి. కోచింగ్‌కు హైదరాబాద్ వెళ్లే స్థోమత లేనివారికి ఇవి ఆసరా.
* కంప్యూటరులో వేయిసార్లు నాణెం ఎగరేసినట్లు చిన్న ప్రోగ్రాం రాసి చూస్తే సిద్ధాంతం కళ్లముందే నిలుస్తుంది.

ఏ లెక్కకైనా సూత్రం వెతికేముందు మూడు సంగతులు సొంత మాటల్లో రాసుకోవాలి. ఏది తెలుసు, ఏది తెలియదు, ఏది దేనిపై ఆధారపడి ఉంది. ఆ మూడూ తేలితే మిగిలింది గుణకారం, సమాకలనమే.