ఫైన్‌మన్ కూడికకు లెక్క కుదిరిందా?

ఎలక్ట్రాన్ ఇక్కడి నుంచి అక్కడికి ఏ దారిన వెళ్తుంది? ఉన్న దారులన్నిటినీ లెక్కలోకి తీసుకోవాలన్నాడు రిచర్డ్ ఫైన్‌మన్, 1948లో. ఒక్కో దారికి ఒక సంకీర్ణ సంఖ్య. అన్నిటి పరిమాణమూ ఒకటే, తేడా అంతా దిశలోనే. వాటిని కూడి, వచ్చినదాని పరిమాణాన్ని వర్గం చేస్తే సంభావ్యత తేలుతుంది. ఇదే పథ సమాకలనం. భౌతికశాస్త్రజ్ఞులకు నిత్యం చేతిలో ఉండే పనిముట్టు. గణితజ్ఞులు మాత్రం దీన్ని చూసి ఇప్పటికీ నొసలు చిట్లిస్తారు.

చిక్కు కొలత దగ్గరే మొదలవుతుంది. గీతకు పొడవుంది, పొలానికి వైశాల్యముంది. దారుల సమూహానికి డైమెన్షన్లు అనంతం. అక్కడ ఒక గోళం తీసుకుంటే, అందులో నాలుగో వంతు వ్యాసార్ధమున్న గోళాలు ఒకదాన్నొకటి తాకకుండా ఎన్నయినా పడతాయి. ఎక్కడున్నా చిన్న గోళాల కొలత ఒకటే అనుకుంటే, దానికి ఎంత స్వల్ప విలువ ఇచ్చినా పెద్ద గోళం అనంతమైపోతుంది. సున్నా ఇస్తే అంతా సున్నాయే.

అది చాలదన్నట్టు, ఇక్కడ జవాబు పుట్టేదే కొట్టివేతల వల్ల. జమ, ఖర్చు విడివిడిగా అనంతమైన ఖాతాలో నిల్వ ఎంత? రాసే వరసను బట్టి మారిపోతుంది! ఈ సమాకలనానికి మామూలు అర్థంలో కొలత దొరకదని 1960లో రాబర్ట్ కామెరాన్ నిరూపించాడు.

తప్పుకునే దారి ఒకటుంది. కాలాన్ని కల్పిత సంఖ్యగా మారిస్తే, గిరగిర తిరిగే సంఖ్యలు వేగంగా తరిగే ధన సంఖ్యలవుతాయి. అలాంటి దారులకు నోర్బర్ట్ వీనర్ 1923లోనే సరైన కొలత కట్టిపెట్టాడు. కార్నెల్‌లో ఫైన్‌మన్ ఉపన్యాసం విన్న మార్క్ కాట్స్ ఈ రెంటినీ కలిపాడు. ఒక్క కణం వరకూ లెక్క కుదిరినట్టే.

ఒక్క కణం బదులు, చోటంతా పరుచుకునే క్షేత్రాల దగ్గర మళ్లీ ఇబ్బంది. రెండు, మూడు డైమెన్షన్లలో గ్లిమ్, జాఫీ వంటివాళ్లు కొన్ని నమూనాలు కట్టారు. కాలాన్నీ కలిపితే మన విశ్వానివి నాలుగు. అక్కడ అతి సులువైన నమూనాను జాలకం మీద కట్టి, గళ్లను సన్నం చేస్తూ పోతే కణాల మధ్య చర్యే మాయమవుతుందని ఐజెన్‌మన్, ద్యుమినిల్-కోపాన్ 2021లో చూపారు.

అయినా ఎలక్ట్రాన్ అయస్కాంత భ్రామకం విషయంలో సిద్ధాంతమూ ప్రయోగమూ పదికి పైగా అంకెల దాకా సరిపోతున్నాయి. అందుకే ఇది తప్పుడు లెక్క అనను. జవాబు కుదిరింది కదా, నిరూపణ ఎందుకనడం మాత్రం బద్ధకమే. నాలుగు డైమెన్షన్లలో యాంగ్-మిల్స్ అనే క్షేత్ర సిద్ధాంతానికి గట్టి పునాది వేసి, అందులో కణాల కనీస ద్రవ్యరాశి సున్నా కాదని నిరూపించినవారికి క్లే సంస్థ 2000లో పది లక్షల డాలర్లు ప్రకటించింది. ఆ సొమ్ము ఇంకా ఎవరికీ దక్కలేదు.