పందికి నీడ లేకుంటే దాణా దండుగే
కొట్టం చూడకుండా అరువిచ్చే వర్తకులకు మే నెలలో చిక్కు

నిజాంపేట (మెదక్ జిల్లా): మొక్కజొన్న వర్తకుల ఖాతా పుస్తకాల్లో కోళ్ల ఫారాలది పెద్ద పద్దు, స్టార్చి ఫ్యాక్టరీలది మరో పెద్ద పద్దు. పందులు పెంచేవారిది చివరి పుటల్లో కనిపించే చిన్న పద్దు. అయితే చిన్న పద్దులే మొండి బాకీలుగా మారడం వ్యాపారంలో కొత్త కాదు. రామాయంపేట, సిద్దిపేటల నడుమనున్న యీ ప్రాంతంలో మక్కలకూ, నూకలకూ, తవుడుకూ కొదవ లేదు. కనుక పందుల పెంపకంలో నష్టం వస్తే దానికి దాణా కరువు కారణమని చెప్పడానికి వీలు లేదు. నష్టానికి మూలం చాలాచోట్ల కొట్టంలోనే ఉన్నది.

దాణా అరువుకిచ్చే వర్తకుడు సాధారణంగా పందిని చూస్తాడు, తలలు లెక్కపెడతాడు, తూకం అంచనా వేస్తాడు. తలపైన కప్పు ఉన్నదా, మధ్యాహ్నం నీడ ఎటు పడుతున్నది, నీటి తొట్టి నిండి ఉన్నదా అన్న సంగతులు అతని లెక్కలోకి రావు. రావలసినవి అవే.

బురదలో పొర్లుతుంది గనుక పంది మురికి జంతువని లోకానికొక అభిప్రాయం. పంది చర్మానికి చెమట పట్టి చల్లబడే శక్తి దాదాపు లేదు. ఒళ్లు తడుపుకోవడానికి నీళ్లు దొరకనప్పుడు బురదను ఆశ్రయిస్తుంది. స్థలం సరిపడా ఇచ్చి చూస్తే పడుకునేచోట పేడ వేయదు, ఒక మూల ఎంచుకుంటుంది. ఇరుకు కొట్టంలో కుక్కి మురికిదనడం దానికి అన్యాయం.

ఎదిగే పందికి హాయిగా ఉండే వేడిమి సుమారు 18 నుంచి 21 డిగ్రీలు. 30 దాటితే మేత తగ్గిస్తుంది, రొప్పుతుంది. మెదక్ జిల్లాలో ఏప్రిల్, మే నెలల్లో 40 డిగ్రీలు దాటే రోజులు మామూలే. చలికాలపు రాత్రులు 10 డిగ్రీల దరిదాపులకు దిగుతాయి. అప్పుడు తిన్నదాంట్లో కొంత ఒంటిని వెచ్చగా ఉంచుకోవడానికే ఖర్చవుతుంది. ఎండలో తినక, చలిలో తిన్నది ఒంటబట్టక రెండు విధాలా తూకం పోతుంది.

లెక్క వేసి చూడవచ్చు. 10 కిలోల పిల్లను 80 కిలోలకు తేవాలంటే 70 కిలోలు పెరగాలి. కిలో పెరగడానికి మూడున్నర కిలోల దాణా అనుకుంటే ఒక్కొక్కదానికి 245 కిలోలు, పదింటికి ఇరవైనాలుగున్నర క్వింటాళ్లు. అసౌకర్యం వల్ల ఆ మూడున్నర నాలుగైతే ఇరవై ఎనిమిది క్వింటాళ్లవుతుంది. తేడా మూడున్నర క్వింటాళ్లు. అందులో సగమే మక్కలనుకున్నా, 2025-26 ఖరీఫ్‌కు కేంద్రం ప్రకటించిన క్వింటాలు 2,400 రూపాయల మద్దతు ధర ప్రకారం 4,200 రూపాయలు. మిగతా సగం తవుడు, చెక్కల ఖరీదు వేరు. పది పందుల కొట్టానికి గడ్డి కప్పు వేయించే ఖర్చుతో దీన్ని పోల్చి చూసుకోవచ్చు.

పూర్వం ఎరుకల కుటుంబాలు మేపిన నల్లటి నాటు పందులకు యీ ఇబ్బంది తక్కువ. ఎండకు ఆగేవి, ఊరంతా తిరిగి తినేవి. తెల్ల చర్మపు సీమ పంది, అనగా లార్జ్ వైట్ యార్క్‌షైర్, అలా కాదు. దాని చర్మం ఎండకు కమిలిపోతుంది. ఒకప్పుడు కృష్ణా జిల్లా గన్నవరంలో పందుల ఉత్పత్తి కేంద్రంతో పాటు బేకన్ ఫ్యాక్టరీ ఉండేది. తిరుపతిలో 1970లలో మొదలైన అఖిల భారత సమన్వయ పరిశోధన పథకం కేంద్రం సీమ పందికి నాటు రక్తం కలిపి సంకర జాతిపై పని చేసింది. సంకరమైనా సరే, నీడ అవసరం పోలేదు.

కొట్టం ఎంత ఉండాలన్న విషయానికి 1966 నాటి ఐ.ఎస్. 3916 ప్రమాణాలు నేటికీ పనికివస్తాయి. 5 నుంచి 8 నెలల పందికి కప్పు కింద 1.3 నుంచి 1.8 చదరపు మీటర్లు, ఆరుబయట మళ్లీ అంతే. అంటే పది పందులకు కప్పు కింద 200 చదరపు అడుగులు, ముందు ఆవరణ మరో 200 అడుగులు ఇస్తే ఇరుకు ఉండదు. ఈనే తల్లికి లోపల 7.5 నుంచి 9 చదరపు మీటర్లు, బయట 8.8 నుంచి 12 కావాలి.

కొట్టం పొడవు తూర్పు పడమరలుగా ఉంటే ఎండ లోపలికి తక్కువగా వస్తుంది. గోడలు నాలుగైదు అడుగులకు మించి లేపి గాలి ఆపుకోకూడదు. చలి రాత్రుల్లో గోనె పరదాలు దించుకుంటే చాలును. కప్పుకు తాటాకు, రెల్లు గడ్డి రేకుల కన్నా చల్లన. రేకులే వేస్తే పైన సున్నం కొట్టించి, కొంత గడ్డి పరిపించాలి. నేల విషయంలో పొదుపు పనికిరాదు. నున్నటి సిమెంటు మీద కాళ్లు జారతాయి, మట్టి నేలను మూతితో తవ్విపోస్తాయి. గరుకు కాంక్రీటు వేసి, మీటరుకు రెండు మూడు సెంటీమీటర్ల వాలుతో కాలువలోకి నీరు పోయేలా చేయాలి. ఆవరణలో ఒక వేప చెట్టో కానుగ చెట్టో ఉంటే దాని కింద లోతు తక్కువ తొట్టి కట్టి నీళ్లు నింపవచ్చు. పాలిచ్చే తల్లికి తాగడానికే రోజుకు 20 లీటర్లు పైమాటే. బోరు లేని చోట పందుల పెంపకం గురించి మాట్లాడకపోవడమే మంచిది.

సూడి పంది 114 రోజులకు ఈనుతుంది. తల్లి పక్కకు వాలినప్పుడు పిల్లలు దాని కింద నలిగి చావడం మామూలు నష్టం. గోడ వెంట నేలకు 8 నుంచి 10 అంగుళాల ఎత్తున, గోడకు అంతే ఎడంగా ఇనుప గొట్టం బిగిస్తే పిల్లలు ఆ సందులోకి తప్పుకుంటాయి. అప్పుడే పుట్టిన పిల్లకు 30 డిగ్రీలకు పైగా వెచ్చదనం కావాలి. తల్లికి చల్లదనం, పిల్లకు వెచ్చదనం ఒకే గదిలో ఇవ్వాలి గనుక ఒక మూల పిల్లలు మాత్రమే దూరగల గూడు కట్టి బల్బు వేలాడదీస్తారు.

కంచె కూడా వసతిలో భాగమే. మక్క చేలను ధ్వంసం చేసే అడవి పందులు పెంపుడు పందుల దొడ్డి దాకా రాకుండా చూడాలి. 2020లో అస్సాం, అరుణాచల్ ప్రదేశ్‌లలో మొదటిసారి బయటపడిన ఆఫ్రికన్ స్వైన్ ఫీవర్‌కు చికిత్స లేదు. మనుషులకు సోకదు గాని సోకిన దొడ్డిలో దాదాపు ఏదీ మిగలదు. హోటళ్ల ఎంగిలి మెతుకుల్లోని పంది మాంసం ముక్కల ద్వారా కూడా వస్తుంది. ఆ మేత వాడేవారు బాగా మరగబెట్టి పోయవలసిందే. దేశంలో పందుల సంఖ్య 2012 గణనలో 1.03 కోట్లు కాగా 2019 నాటికే 90.6 లక్షలకు తగ్గింది.

ధాన్యం వర్తకులకు సంబంధించిన మరొక మాట. తడిసి బూజు పట్టిన మక్కలు మరెందుకూ పనికిరాకపోయినా పందులకు చెల్లుతాయన్న నమ్మకం మార్కెట్లో ఉన్నది. అది పొరపాటు. బూజు విషాలకు పంది ఎంతో సున్నితం. ఆడ పందులు ఎదకు రాకపోవడం, ఈసుకుపోవడం వాటివల్లనే జరగవచ్చు. కారే కప్పు కింద నిలవ చేసిన మంచి సరకూ ఆ గతికే చేరుతుంది. తక్కువ ధరకు అమ్మిన సరకు బాకీదారుణ్ణే ముంచుతుంది.

పెద్ద ఎత్తున చేయదలచినవారికి 2021లో సవరించిన జాతీయ పశుగణ మిషన్ కింద 100 ఆడ, 10 మగ పందుల యూనిట్‌కు 50 శాతం, గరిష్ఠంగా 30 లక్షల రూపాయల పెట్టుబడి రాయితీ విధించారు. నాలుగైదు పందుల వారికి ఆ పథకం అందనంత పెద్దది. వారికి ఇప్పటికీ దిక్కు వర్తకుడి అరువే.

ఆ అరువు ఇచ్చే కాలమే అసలు చిక్కు. వానాకాలపు మక్కలు మార్కెట్‌కు వచ్చి ధర మెత్తబడే అక్టోబరు, నవంబరు నెలల్లో రెండు నెలల పిల్లలను కొంటారు. అవి ఏప్రిల్, మే నాటికి ఏడెనిమిది నెలలవై బరువెక్కి ఉంటాయి. పంది ఎంత బరువైతే ఎండకు అంత తాళలేదు. నీడ లేని దొడ్డివారు ఉగాది లోపలే సరకు వదిలించుకోవాలి. అప్పటిదాకా ఆగి, మంచి ధర కోసం మే నెల చూద్దామనేవారి కొట్టం కప్పు ఫిబ్రవరిలోనే సిద్ధమై ఉండాలి. దాణా చీటీ రాసేముందు వర్తకుడు ఒక మిట్టమధ్యాహ్నం వెళ్లి అది చూసి రావడానికి పెట్రోలు ఖర్చు తప్ప మరే ఖర్చూ లేదు.