గేరులేని స్కూటరు – దాని బెల్టు



వ్యాకరణము చెప్పుకొని బ్రతికిన పంతులు స్కూటరు బెల్టును గూర్చి యుపన్యసించుటేమని మీకు నవ్వు రావచ్చును. నేర్చిన విద్యకంటె తగిలిన దెబ్బ యొక్కొక్కప్పు డెక్కువ బోధించును. ఆ దెబ్బ యెట్టిదో ముందుగా విన్నవించెదను.

మా యూరు గోదావరి యొడ్డున, దుమ్ముగూడెము మండలములోని పర్ణశాల. అచ్చటినుండి భద్రాచలము సుమారు 35 కిలోమీటర్లు. గడచిన వర్షాకాలమున నొక సాయంకాలము మా మనుమనికి జ్వరము హెచ్చి వణకు పుట్టెను. మన్యపు సీమలో వణకుతో వచ్చిన జ్వరమును తెల్లవారువర కుపేక్షింపరాదు. కోడలు వానిని ఒడిలో నుంచుకొని వెనుక గూర్చుండగా, నా స్కూటరుపై భద్రాచలమునకు బయలుదేరితిని. సగము దారియైన గడువకమున్నే, చెట్లు తప్ప ఇల్లు కానరాని తావున, ఠప్పుమని చప్పుడయ్యెను. ఇంజను మ్రోగుచునే యున్నది. ఏక్సిలరేటరు త్రిప్పినచో మరింత బిగ్గరగా మ్రోగుచున్నది. చక్రము మాత్రము కదలదు. “తాతయ్యా, బండి ఎందుకు పోవట్లేదు?” అని పిల్లవాడడిగిన ప్రశ్నకు నాయొద్ద సమాధానము లేకపోయెను.

అరగంటకు వచ్చిన యొక ఆటో మమ్ము ఆసుపత్రికి జేర్చెను. మలేరియా యని తేలి, మందు సకాలమున పడి, పిల్లవాడు కోలుకొనెను. కాని యా యరగంటను నేను మరువజాలను. ఏలయన, తప్పు నాదే. మూడు నెలల ముందే మా యూరి మెకానికు, ఒకప్పటి నా శిష్యుడు, “మాస్టారూ, బెల్టు అరిగిపోయింది, మార్చేద్దాం” అని హెచ్చరింపగా, “నడుచుచున్నది గదా” యని తోసివేసితిని.

ఇంతకును ఈ బెల్టు చేయు పని యేమి? ఇంజను నొద్ద నొక కప్పీ, వెనుక చక్రము నొద్ద నొక కప్పీ గలవు. ఈ రెంటిని గలుపు రబ్బరు పట్టీయే బెల్టు. ఒక్కొక్క కప్పీ రెండు పళ్లెములను ఎదురెదురుగా నిలిపినట్లుండును. ఇంజను వేగము హెచ్చినపుడు ముందు కప్పీలోని బరువు రోలర్లు వెలుపలికి జరిగి, పళ్లెములను దగ్గరకు నొత్తును. అంత బెల్టు వాని నడుమనుండి పై యంచునకు ప్రాకును. అదే సమయమున వెనుక కప్పీ విచ్చుకొని, బెల్టు దానిలోనికి దిగును. ఇట్లు గేరు మార్చు శ్రమ లేకయే గేరు మారుచుండును. ఇట్టి యేర్పాటుతో 1958లో హాలెండు దేశమున డాఫ్ అను కారు వెలువడెను. మన దేశమున 1984లో కైనెటిక్ హోండా స్కూటరు ఈ సౌకర్యమును ఇంటింటికి పరిచయము చేసెను. కెనడా మొదలగు దేశములలో మంచుపై పరుగిడు బండ్లును ఇట్టి బెల్టుతోడనే నడచును. అచ్చటివారు రెండవ బెల్టును వెంట నుంచుకొనక మంచుటడవిలోనికి బోరు. వారి బండిలో దారియందే బెల్టు మార్చుకొనుట సులభము. మన స్కూటరునకు మూత విప్పి, బిగువైన నట్టు నూడదీయవలెను. కావున మనకు ముందుజాగ్రత్తయే రక్ష.

బెల్టు స్థితి నెరుగుటెట్లు? తర్కశాస్త్రపు ప్రమాణములలో మూడు ఇచ్చట నుపకరించును. మొదటిది ప్రత్యక్షము. మూత విప్పి చూచినపుడు బెల్టు లోపలి పళ్ల మొదట పగుళ్లున్నను, అంచుల దారములు లేచినను, ప్రక్కలు అద్దమువలె మెరయుచున్నను, దాని యాయువు తీరినట్లే. వెడల్పును కొలిచి, బండి పుస్తకములో నిచ్చిన కనీసపు కొలతతో సరిచూడవలెను. రెండవది అనుమానము. పొగను జూచి నిప్పు నూహించినట్లు, బయలుదేరునపుడు కుదుపు, ఇంజను మ్రోత పెరిగినను వేగము పెరుగకుండుట, కాలిన రబ్బరు వాసన – వీనినిబట్టి బెల్టును శంకింపవలెను. మూడవది శబ్దము, అనగా నాప్తవాక్యము. పెక్కు స్కూటర్లకు 24 వేల కిలోమీటర్ల ప్రాంతమున బెల్టు మార్చవలెనని తయారీదారులు చెప్పుదురు. మీ బండి పుస్తకమే మీకు ప్రమాణము. నేను మీరినది ఈ మూడవదానినే.

బెల్టునకు శత్రువులు నాలుగు: వేడి, నూనె, దుమ్ము, నీరు. ముగ్గురు నెక్కి, బియ్యపు బస్తా నుంచుకొని ఘాటెక్కుట, బ్రేకు పట్టియే ఏక్సిలరేటరు త్రిప్పుట వేడిని పుట్టించును. వాగులో దిగిన బండికి నీరు లోన జొచ్చి బెల్టు జారును. అట్టిదానిని మెకానికుచేత విప్పించి ఆరబెట్టింపవలెను.

ఇక మార్చు విధము. ఇంజను చల్లారిన పిదప బండిని సెంటరు స్టాండుపై నిలిపి, ఎడమవైపు మూత విప్పవలెను. కప్పీ తిరుగకుండ తగిన పనిముట్టుతో పట్టి, నట్టు తీసి, పాత బెల్టును తొలగింపవలెను. కప్పీ ముఖములను పొడిగుడ్డతో తుడువవలెను, గ్రీజు తగులనీయరాదు. రోలర్లు ఒకవైపు చదునైనచో వానిని గూడ మార్చవలెను. క్రొత్త బెల్టుపై బాణపు గుర్తున్నచో అది తిరుగు దిక్కునే చూపవలెను. వెనుక కప్పీని విచ్చి బెల్టును లోనికి నొక్కినచో ముందువైపు వదులు దొరకును. ఇచ్చటనే జాగ్రత్త. బెల్టు ముందు పళ్లెముల నడుమ చిక్కుకొని యుండగా నట్టు బిగించినచో, అది బిగిసినట్లే తోచి, పిదప వదులై యంత్రమును చెరచును. బెల్టు స్వేచ్ఛగా కదలుచున్నదని చేతితో చూచి, పుస్తకములో నిచ్చిన బిగువునకు నట్టు బిగింపవలెను.

పూర్వము మోట తోలు రైతు ఉదయమున మోకును వ్రేళ్లతో తడిమి చూచి కాని ఎడ్లను గట్టెడివాడు కాడు. తెగిన మోకు బావిలో బడును. తెగిన బెల్టు మనలను అడవిలో నిలుపును. కావున శ్రోతలారా, మీ బండి యెన్ని కిలోమీటర్లు నడచినదో రేపుదయమున నొక్కసారి చూచుకొనుడు.