పెరట్లో మొక్కల కంటే ముందు నీటి దారి

కొత్త ఇంటి చుట్టూ పచ్చిక, పూలమొక్కలు పెంచాలనుకునేవారు ముందుగా నర్సరీకి వెళ్తారు. నిజానికి మొదట చూడవలసింది నేల వాలు. చదరపు మీటరు నేలపై ఒక మిల్లీమీటరు వాన పడితే ఒక లీటరు నీరు చేరినట్టే. ఆ లెక్కన 50 మిల్లీమీటర్ల వాన కురిస్తే 100 చదరపు మీటర్ల ఆవరణలో 5,000 లీటర్ల నీరు పడుతుంది. ఇంటి కప్పు నుంచి దిగే నీరు దీనికి అదనం.

వాలు ఇంటివైపు ఉంటే ఈ నీరు పునాది దగ్గర నిలుస్తుంది. దక్కన్ పీఠభూమిలో విస్తారంగా ఉన్న నల్లరేగడి నేలల్లో దీనివల్ల ముప్పు ఎక్కువ. ఈ మట్టిలో ఉండే మాంట్‌మోరిల్లోనైట్ అనే ఖనిజం అతి పలుచని పొరలుగా ఉంటుంది. పొరల మధ్యకు నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది, ఎండితే కుంచించుకుపోయి బీటలు వారుతుంది. పునాది కింద ఒకవైపు తడిగా, మరోవైపు పొడిగా ఉంటే నేల అంతటా ఒకేలా కదలదు. ఫలితంగా గోడలు పగులుతాయి.

అందుకే గోడ నుంచి మొదటి 3 మీటర్లలో నేల 15 సెంటీమీటర్లు దిగేలా, అంటే 5 శాతం వాలు ఉండేలా చూసుకోవాలి. ఆ తర్వాత మీటరుకు 2 సెంటీమీటర్లు చాలు. వాలు మరీ ఎక్కువైతే మట్టి కొట్టుకుపోతుంది. అంత స్థలం లేని ఇళ్లలో ప్రహరీ వెంబడి చిన్న కాలువ తీసి నీటిని బయటకు మళ్లించవచ్చు.

వాలు కొలవడానికి మేస్త్రీలు వాడే లెవెల్ పైపు సరిపోతుంది. పైపు రెండు చివరలా గాలి పీడనం సమానమే కనుక, గాలి బుడగలు లేకుండా నింపితే నీరు రెండువైపులా ఒకే మట్టంలో నిలుస్తుంది. ఆ గుర్తుల మధ్య దారం కట్టి, దారం నుంచి నేల ఎంత దిగువన ఉందో అక్కడక్కడా కొలవాలి.

తవ్వేముందు పైన ఉన్న సుమారు 15 సెంటీమీటర్ల మట్టిని తీసి పక్కన పోయాలి. సేంద్రియ పదార్థం, సూక్ష్మజీవులు ఎక్కువగా ఉండేది అందులోనే. సిమెంటు, సున్నం ముక్కలు మట్టిలో క్షారగుణాన్ని పెంచుతాయి కనుక వాటిని ఏరివేయాలి. పల్లంలో పోసే మట్టిని పొరలు పొరలుగా వేసి, కాస్త తడిపి, దిమ్మిసతో కొట్టాలి. లేకపోతే అది తర్వాత కుంగి, వాలు తిరిగి ఇంటివైపే మళ్లుతుంది. చివరగా దాచిన పైమట్టిని అంతటా సమానంగా పరచాలి. మొక్కల వేళ్లకు గాలి అందాలి కనుక ఈ పొరను మాత్రం దిమ్మిస కొట్టకూడదు. పాత చెట్ల మొదళ్లను మట్టితో కప్పకూడదు.

ఇదంతా వేసవిలోనే పూర్తిచేయడం మేలు. తొలి వానకు నీరు ఎక్కడ నిలిచిందో చూసి, ఆ పల్లాన్ని సరిచేశాకే మొక్కలు నాటాలి. వేళ్లూనిన తోటలో వాలు మార్చాలంటే తోటనే పెకలించాల్సి వస్తుంది.