పొదుగు పెట్టకు పరాయి పిల్లలను చేర్చు విధము

ఉద్దానపు గ్రామములలో కొబ్బరితోఁటల నీడను కోళ్లను పెంచు రైతులు తల్లిలేని పిల్లలను పగటివేళ పెట్టకు చేర్పరాదు. పగలు పెట్ట క్రొత్తవానిని గుర్తించి పొడిచి చంపుటయుఁ గలదు. కోడి పొదుగుకాలము 21 దినములు. అందు రెండు వారములైనను కదలక కూర్చున్న పెట్టనే యెన్నుకొనవలెను. పిల్లలు పుట్టి రెండు దినములు మించరాదు. చీకటిపడిన పిమ్మట, దీపము చూపక, పెట్ట క్రింది గ్రుడ్డు నొక్కొక్కటిగాఁ దీయుచు నొక్కొక్క పిల్లను రెక్క క్రిందికిఁ జొనుపవలెను.

తెల్లవారకమునుపే పోయి చూడవలెను. ఇందు బద్ధకించినవారే పిల్లలను పోఁగొట్టుకొందురు. పెట్ట మెల్లగా గొణుగుచు పిల్లలను గప్పుకొన్నచో నంగీకరించినట్లే. పొడిచినచో వెంటనే తీసి, వెచ్చని గంపలో నుంచి, ఆ రాత్రియే వేఱొక పెట్ట క్రింద నుంపవలెను. పిల్ల కడుపులో మిగిలిన పచ్చసొన తొలి దినములకుఁ జాలును గావున మేఁతకుఁ దొందర వలదు. పిదప నూకలు, చెదలు వేయవచ్చును. గ్రద్దల భయ మున్నందున వారము దినములు తల్లిని పిల్లలతోఁగూడ సముద్రపుగాలి తగులని చోట గంప క్రిందనే మూయవలెను.